ఏడు ముందా, నాలుగు ముందా

సిరొంచ బడిలో మూడో తరగతికి
మరాఠీలో లెక్కలు చెప్పేవాణ్ణి.
పిల్లల ఇళ్లలో తెలుగు, కొన్ని ఇళ్లలో గోండి.
పుస్తకంలో మాత్రం ఎక్కడో పుణె పిల్లాడు
మామిడిపళ్లు పంచుతుంటాడు.

"సత్తేచాళీస్" అన్నాను.
ఓదెలు పలక మీద డెబ్బై నాలుగు వేశాడు.
మళ్లీ అన్నాను, గొంతు పెంచి,
గొంతు పెంచితే అంకెలు అటూ ఇటూ మారతాయన్నట్టు.
మళ్లీ డెబ్బై నాలుగే.
స్కేలు అంచు వాడి అరచేతికి తగిలింది.
ఎన్నిసార్లో నాకు గుర్తులేదు. వాడికి ఉంటుంది.

నేను ఎక్కాలు పాడుతూ నేర్చుకున్నవాణ్ణి.
కల్లంలో మా నాయన పదహారో ఎక్కం ఎత్తుకుంటే
వడ్లు చెరిగే చేటా, నా నోరూ ఒకే ఊపులో ఆడేవి.
అర్థం తర్వాతెప్పుడో, మీసాలొచ్చాక వచ్చింది.
లోకమంతా నోటితోనే నేర్చుకుంటుందని
ముప్పై ఏళ్లు నమ్మాను.

ఆదివారం ప్రాణహిత రేవులో
వాళ్లమ్మ చేపలు తూస్తోంది.
వాడు పక్కన గోనెపట్టా మీద, డబ్బుల డబ్బాతో.
"నలభై ఏడు ఇయ్యి" అంది ఆమె.
వాడి వేళ్లు ముందు నాలుగు పది నోట్లు తీశాయి,
తర్వాత చిల్లర.
తడబాటు లేదు.

ఇసుకలో అట్లాగే నిలబడిపోయాను.
మా ఇంటి భాష పెద్ద నోటు ముందు పెడుతుంది.
బడి భాష చిల్లర ముందు విసిరి
నోటు తర్వాత తీస్తుంది: ఏడూ, నలభై.
వాడు విన్నది విన్నట్టే రాశాడు,
ముందు విన్నది ముందు, వెనక విన్నది వెనక.
మరి నేను కొట్టింది దేన్ని?

సోమవారం ఇదంతా బోర్డు మీద వివరించాను,
బాణం గుర్తులతో, రెండు రంగుల సుద్దలతో.
ఓదెలు ఆవలించాడు.

తన దారి తనే వెతుక్కున్నాడు.
"సత్తేచాళీస్" అనగానే
పలక మీద వేలెడు ఖాళీ వదిలి, ఏడు వేసి,
వెనక్కొచ్చి ఆ ఖాళీలో నాలుగుని కూర్చోబెట్టాడు.
తనిఖీకి వచ్చిన సాహెబు నొసలు చిట్లించాడు:
"కుడి నుంచి ఎడమకా? ఎవరు నేర్పారు?"
"జవాబు సరిగ్గానే ఉంది సార్" అన్నాను,
ఇంకేమీ తోచక.

సడ్మెక్ లచ్చి అప్పుడూ కిటికీలోంచి బయటికే చూస్తోంది.
జూన్ నుంచి ఒక్క మాట పలకని పిల్ల.
మొద్దు అని రిజిస్టరులో రాయలేదు కానీ
మనసులో రాసే ఉంచాను.
తునికాకు కోతల్లో తెలిసింది.
కట్టకు డెబ్బై ఆకులు. ఆమె ఎంచదట.
దొంతిని బొటనవేలి కింద నొక్కి
"రెండు తక్కువ" అంటుందట.
రెండే తక్కువుంటాయట.
ఎట్లా అని అడిగితే
అడగడమే వింతన్నట్టు నన్ను చూసింది.

ఓదెలు ఇప్పుడు ఏడో తరగతి.
నాకు వల విసరడం నేర్పుతున్నాడు.
"మోచెయ్యి ఎంత ఎత్తు? తాడు ఎన్ని చుట్లు?
ఏ క్షణాన వదలాలి?"
"అట్లడిగితె రాదు సార్. భుజానికి తెలుస్తది."

నా భుజానికి ఏమీ తెలియదు.
నోటుబుక్కులో బొమ్మ గీసుకున్నాను,
ఒకటి, రెండు, మూడు అని మెట్లు రాసుకున్నాను.
వల తడిబట్టల మూటలా పడింది నీళ్లలో.
ఒడ్డున లచ్చి నవ్వింది.
ఇన్నేళ్లలో ఆ చప్పుడు వినడం అదే మొదలు.

వాడు నవ్వలేదు.
చిక్కులు విప్పుతూ, తలెత్తకుండానే,
"పాడుకుంట విసురుండ్రి సార్" అన్నాడు.
"మీది నోటి చదువు గద."

పదహారో ఎక్కం ఎత్తుకున్నాను,
మోకాటి లోతు నీళ్లలో, సిగ్గుపడుతూ.
పదహారేడ్లు నూటపన్నెండు దగ్గర
చెయ్యి దానంతటదే వదిలింది.

గుండ్రంగా పడలేదు.
విచ్చుకుంది మాత్రం.